నాన్నగారికి కీమో నడుస్తోంది, కండ కరిగిపోతోంది. గుడ్లు, చేపలు పెట్టొచ్చా?

బాపట్ల_అమ్మాయి:

అందరికీ నమస్కారం అండి. మా నాన్నగారికి 62 ఏళ్ళు, కడుపులో క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్‌కి ముందు నాలుగు సైకిల్స్ కీమో ఇవ్వాలన్నారు, ఫ్లాట్ అంటారట దాన్ని, రెండు అయ్యాయి. నాలుగు నెలల కిందట 64 కేజీలు ఉండేవారు, ఇప్పుడు 56. బరువు సంగతి అలా ఉంచండి, ఆయన తొడలు, భుజాలు చూస్తే భయమేస్తోంది. జీవితమంతా పొలం పని చేసిన మనిషి, ఇప్పుడు మంచం మీంచి లేవాలంటే ఎవరో ఒకళ్ళు చెయ్యి ఇవ్వాల్సి వస్తోంది.

ఇంట్లో గొడవంతా తిండి దగ్గరే. మా మేనత్తావాళ్ళు గుడ్డు, చేప, పాలు పెడితే ఆ బలమంతా గడ్డకే పోతుంది, పథ్యం ఉండాలి అంటారు, ఎవరో వాట్సాప్‌లో వీడియో కూడా పంపారు, దాంతో అమ్మ భయపడి అన్నీ మానిపించేసింది. ఇప్పుడు పొద్దున రెండు ఇడ్లీలు, పదకొండింటికి రాగి జావ, మధ్యాహ్నం చారన్నం నాలుగు ముద్దలు, సాయంత్రం కొబ్బరినీళ్ళు, రాత్రి జావో మజ్జిగన్నమో, అంతే. డాక్టర్ గారు ప్రోటీన్ బాగా పెట్టండి అన్నారు కానీ ఎంత, ఏ రూపంలో అని అడిగే టైం దొరకలేదు. నిజంగా ప్రోటీన్ పెడితే గడ్డ పెరుగుతుందా? పౌడర్ డబ్బాలు కొనక తప్పదా, అవి చాలా ఖరీదు ఉన్నాయి. కాస్త తినగానే కడుపు నిండిపోయింది అంటారు, కీమో అయిన మొదటి వారం చేప వాసన కూడా పడదు. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), షుగర్ నార్మల్ అన్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

విశాఖ_డైటీషియన్:

అమ్మా, నేను క్యాన్సర్ వార్డులో డైటీషియన్‌ని. మీ నాన్నగారి రిపోర్టులు చూడకుండా చెప్తున్నా కాబట్టి ఇది మీ ఆంకాలజిస్టుకి, అంటే క్యాన్సర్ డాక్టర్‌కి, అక్కడి డైటీషియన్‌కి చూపించి మొదలుపెట్టండి. కానీ ఆ పథ్యం మాత్రం ఇవాళే ఆపాలి, దాని కోసం వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.

గడ్డకి బలం అనే మాట ప్రతి ఇంట్లోనూ వింటాను. మనం పెట్టకపోతే గడ్డ పస్తు ఉండదమ్మా. తిండిలోంచి ప్రోటీన్ రాకపోతే ఒళ్ళు తన కండనే కరిగించి అమైనో ఆమ్లాలు రక్తంలోకి వదులుతుంది, గడ్డకి కావలసింది అక్కడ్నుంచి ఎలాగూ తీసుకుంటుంది. నష్టపోయేది మనిషే. యూరప్‌లో ఎస్పెన్ అని క్లినికల్ న్యూట్రిషన్ నిపుణుల సంఘం ఉంది, వాళ్ళ మార్గదర్శకాల్లో కూడా తిండి పెడితే గడ్డ పెరుగుతుందన్న భయంతో పేషెంటుకి తిండి తగ్గించొద్దనే ఉంటుంది.

మీ నాన్నగారు 64 నుంచి 56కి వచ్చారంటే 12 శాతం పైనే పోయింది. ఆరు నెలల్లో 5 శాతం దాటితేనే కాకెక్సియా, అంటే జబ్బు వల్ల కండ, బరువు కరిగిపోవడం, కింద చూడాలని 2011లో అంతర్జాతీయ నిపుణులు నిర్ణయించారు. దీంట్లో కొంత తిండి తగ్గడం వల్ల అయితే మిగతాది జబ్బు పుట్టించే వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్ వల్ల. అందుకే ఎంత పెట్టినా ఒక్కోసారి మొత్తం కండ వెనక్కి రాదు, ఈ మాట ముందే చెప్పడం మంచిది, లేకపోతే సరిగ్గా వండి పెట్టలేదని అమ్మగారు తనని తాను తిట్టుకుంటారు. కానీ ఇంకా కరగకుండా చాలావరకు ఆపొచ్చు. ఆపాలి కూడా, ఎందుకంటే కండ తక్కువున్నవాళ్ళకి కీమో సైడ్ ఎఫెక్ట్స్ ఎక్కువ వస్తాయి, డోసు తగ్గించాల్సో వాయిదా వెయ్యాల్సో వస్తుంది, ఆపరేషన్ తర్వాత కోలుకోవడం కూడా ఆలస్యమవుతుంది.

ఇక ఎంత పెట్టాలి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్ళ 2020 లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే కేజీకి రోజుకి 0.83 గ్రాములు కావాలి. క్యాన్సర్ ఉన్నవాళ్ళకి ఎస్పెన్ చెప్పేది కేజీకి 1 గ్రాము దాటాలి, వీలైతే 1.5 దాకా. 1.2 నుంచి 1.5 అనుకుంటే మీ నాన్నగారికి రోజుకి 67 నుంచి 84 గ్రాములు. మీరు రాసిన తిండిలో నా అంచనాకి 25 గ్రాములు కూడా ఉండదు. రాగి జావ మంచిదే, కానీ గ్లాసు జావలో పడే పిండి 25 గ్రాములు, దాంట్లో ప్రోటీన్ 2 గ్రాముల లోపే. చారులో, కొబ్బరినీళ్ళలో లేనట్టే.

డబ్బా లేకుండానే చూడండి. రెండు ఉడికించిన గుడ్లు 12 గ్రాములు. చాయ పెసరపప్పు 60 గ్రాములు నానబెట్టి పలచగా అట్లు వేస్తే 14, పొట్టు పెసలు వద్దు, పీచు ఎక్కువై కడుపు తొందరగా నిండుతుంది. గ్లాసు పాలలో రెండు చెంచాల వెన్న తీసిన పాలపొడి కలిపితే 12 దాకా. ముద్దపప్పు 40 గ్రాముల కందిపప్పుతో చేస్తే 8, పైన నెయ్యి ధారాళంగా వెయ్యండి. ముళ్ళు తీసిన చేప 75 గ్రాములు, 14. కప్పు పెరుగు 5, మెత్తటి పల్లీ పొడి పాతిక గ్రాములు 6. ఇక్కడికే 70 దాటింది, అన్నంలో వచ్చేది వేరే.

ఆ జావనే మానకుండా పాలతో కాచి పాలపొడి, పల్లీ పొడి కలపండి, అలవాటైన రుచి కాబట్టి కాదనరు. మూడు పూటలు కాదు, ఆరేడు సార్లు కొంచెం కొంచెం. తినేటప్పుడు నీళ్ళు, మజ్జిగ తాగించొద్దు, అరగంట ఆగి తాగమనండి. ప్రోటీన్ అంతా ఒకే పూట కాకుండా ప్రతిసారీ ఎంతో కొంత పడేట్టు చూడండి, ఈ వయసులో కండకి ఒక్కోసారి గట్టి మోతాదు పడితేనే అందుకుంటుంది కాబట్టి మధ్యాహ్నం, రాత్రి మాత్రం 20 దాకా వచ్చేట్టు ప్రయత్నించండి. అన్నం, నూనె, నెయ్యి కూడా తగ్గించొద్దు, కేజీకి 25 నుంచి 30 కేలరీలు అందకపోతే తిన్న ప్రోటీన్‌ని కూడా ఒళ్ళు పొయ్యిలో కట్టెలా వాడేస్తుంది.

ఫ్లాట్‌లో ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఉంటుంది, అది ఎక్కించిన కొన్ని రోజులు చల్లటివి తాగితే గొంతు పట్టేస్తుంది, కాబట్టి ఫ్రిజ్ పెరుగు, చల్లటి పాలు వద్దు. రెండు వారాలకోసారి కీమో కదా, మొదటి వారం గుడ్డు, పప్పు, పాలతో నెట్టుకురండి, రెండో వారం నోరు బాగుంటుంది, అప్పుడు చేప, కోడి పెట్టండి. తెల్లకణాలు తగ్గే రోజుల్లో పచ్చి గుడ్డు, హాఫ్ బాయిల్, బయట మజ్జిగ, జ్యూసులు వద్దు. చాలా రోజులుగా తక్కువ తిన్నారు కాబట్టి ఒక్కరోజులో మొత్తం పెంచెయ్యకండి, వారంలో మెల్లగా పెంచుతూ రక్తపరీక్షలో పొటాషియం, ఫాస్ఫరస్ ఓసారి చూపించుకోండి.

వరంగల్_తమ్ముడు:

అక్కా, మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ అయింది. ఆమె బరువు తగ్గలే, పెరిగింది, చూసినోళ్ళందరు మంచిగైంది అన్నరు కానీ మెట్లెక్కుడు కష్టమైంది, సీసా మూత తిప్పుడు కూడ రాలే. కీమోతోని ఇచ్చే స్టెరాయిడ్, మంచంల ఉండుడు, రెండిటితోని కొవ్వు పెరిగి కండ తగ్గుతదని మా డైటీషియన్ మేడం చెప్పింది. ఇది రాస్తున్నదెందుకంటే బరువు మిషన్ ఒక్కటే చూసి ఆగమాగం కావద్దు, ధైర్యంగా కూడ ఉండొద్దు. కాళ్ళకు, కడుపుకు నీరొచ్చినా మిషన్ల బరువు మంచిగనే కనవడతది.

ఇంకోటి, మా చుట్టాలు రోజూ బొక్కల సూప్ తెచ్చేటోళ్ళు, బలం బలం అనుకుంట. సూప్ తాగితే నోటికి మంచిగుంటది గని ఆ నీళ్ళల్ల ప్రోటీన్ కొంచెమే, ఉన్నది కూడ కండకు అంతగా పనికొచ్చే రకం కాదు, అసలుది ముక్కల ఉంటది. అందుకే ముక్కలను మెత్తగ ఉడకవెట్టి మిక్సీ పట్టి అదే సూప్‌ల కలిపి ఇచ్చినం, తాగింది.

మీ మేనత్తతోని కొట్లాడకుండ్రి. ఆమెకు తమ్ముని మీద పాణం ఉండవట్టే చెప్తున్నది. తర్వాతి కీమోకు ఆమెనే వెంట తీస్కపోయి డైటీషియన్ ముందల కూసోవెట్టండ్రి, ఆమె అడగాలనుకున్నవన్నీ ఆమెనే అడుగనియ్యుండ్రి. మా పెద్దమ్మను గట్లనే తీస్కపోయినం, తర్వాత రోజూ గుడ్డు ఉడకవెట్టి తెచ్చింది ఆమెనే.

ఫిజియో_నెల్లూరు:

పైన తిండి గురించి బాగా చెప్పారు, నేను ఫిజియోథెరపిస్ట్‌ని, నా వంతు చెప్తా. ప్రోటీన్ ఎంత తిన్నా కండకి పని లేకపోతే అది కండలోకి సరిగ్గా చేరదు. రెస్ట్ తీసుకోమ్మా అని మనిషిని మంచానికే అంటిపెట్టేస్తే పెద్దవయసులో తొడ కండ రోజుల్లోనే తగ్గిపోద్ది.

ఎత్తుగా, గట్టిగా ఉండే కుర్చీ గోడకి ఆనించి వెయ్యండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమనండి, మీరు పక్కనే ఉండండి. 15 సెకన్లు దాటితే కాళ్ళలో బలం తగ్గినట్టు లెక్క. ఇప్పుడు చెయ్యి ఊతం లేకుండా లేవలేకపోతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచి అక్కడ్నుంచి మొదలెట్టండి. పూటకి ఎన్ని వస్తే అన్ని, రోజుకి రెండు మూడు పూటలు, అలవాటయ్యాక దిండు తీసెయ్యండి. చేతులకి అర లీటరు నీళ్ళ సీసాలు చాలు. అయిన వెంటనే పాలో గుడ్డో ఇవ్వండి. వరండాలో నడక కూడా మంచిదే కానీ నడక ఒక్కటే చాలదు, బరువుకి ఎదురుగా పని చేస్తేనే కండ నిలబడద్ది.

ఈ కీమోకి అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి, చెప్పులు జారిపోతున్నా తెలీదు, కాబట్టి వెనక పట్టీ ఉన్న చెప్పులు వేయించండి. జ్వరం, ఆయాసం, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయిన రోజులు, ఎముకలకి జబ్బు పాకిందన్న అనుమానం, వీటిల్లో ఏదున్నా డాక్టర్‌ని అడక్కుండా చెయ్యొద్దు. ఆపరేషన్‌కి ఇంకా టైం ఉంది, ఈ కొన్ని వారాలు చాలా విలువైనవి అండి.

బాపట్ల_అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్ అండి, చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇదంతా అమ్మకి చదివి వినిపించాను, రాత్రి పప్పన్నంలో నెయ్యి వేసి పెట్టింది. రెండు సందేహాలు. అసలు ఆకలే లేదంటారు, దానికి మందేమైనా ఉందా? రక్తంలో ఉండే అల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గి 2.9 వచ్చింది, ఒక బంధువు అల్బుమిన్ బాటిల్ ఎక్కిస్తే బలం వస్తుంది అంటున్నారు, నిజమా?

విశాఖ_డైటీషియన్:

అల్బుమిన్ బాటిల్ కండ కోసం ఎక్కించేది కాదమ్మా. లోపల వాపు ఉన్నా అల్బుమిన్ పడిపోతుంది, అది తిండి ఒక్కదాన్నే చూపించే పరీక్ష కాదు. డాక్టర్ వేరే కారణానికి రాస్తే సరే, మీరు మాత్రం బలం కోసమని అడిగి ఎక్కించుకోవద్దు. ఆ డబ్బుతో నెలల తరబడి గుడ్లు, పాలు, చేప వస్తాయి.

ఆకలికి మందు ఉంది. పుదుచ్చేరిలోని జిప్మర్ ఆసుపత్రిలో కీమో తీసుకుంటున్న కడుపు, లివర్, పాంక్రియాస్, ఊపిరితిత్తుల క్యాన్సర్ వాళ్ళకి ఒలాంజపిన్ అనే మందు రోజుకి 2.5 మిల్లీగ్రాములు, 12 వారాలు ఇచ్చి చూశారు, ఆకలి, బరువు రెండూ మెరుగయ్యాయి, 2023లో ఆ ఫలితాలు వచ్చాయి. ఖరీదైన మందు కాదు. అయితే కొంచెం మత్తుగా ఉంటుంది, షుగర్ మీద కూడా కన్నేయాలి, ఇప్పటికే వాంతులకి అదే మందు రాసి ఉండొచ్చు కూడా, కాబట్టి మీ అంతట మీరు కొనకుండా ఆంకాలజిస్ట్‌ని పేరు చెప్పి అడగండి. దానికి ముందు నోట్లో పుండ్లు, తెల్లపూత, మలబద్ధకం ఉన్నాయేమో చూడండి, చాలామందికి ఆకలి చచ్చిపోయేది వీటివల్లే, అవి తగ్గితే తినడం మొదలుపెడతారు.

పౌడర్ సంగతి అడిగారు కదా. ఇంటి తిండితో వారం ప్రయత్నించాక కూడా లెక్కలో సగం దాటకపోతే అప్పుడు డబ్బా కొనండి, తప్పులేదు, భోజనం బదులు కాకుండా మధ్యలో ఇవ్వండి. మెతుకు దిగకపోయినా, తిన్నదంతా వాంతి అవుతున్నా, బరువు ఇంకా పడిపోతున్నా ట్యూబ్ గురించి డాక్టరే చెప్పేదాకా ఆగకుండా మీరే అడగండి, ఆపరేషన్‌కి ముందు కొన్నాళ్ళు ట్యూబ్ ద్వారా తిండి ఇవ్వడం మామూలే. వారానికోసారి ఒకే టైంలో బరువు, కుర్చీ దగ్గర ఐదుసార్లకి పట్టిన సెకన్లు, రోజూ తిన్నవి ఒక నోట్‌బుక్‌లో రాసి తర్వాతి కీమోకి పట్టుకెళ్ళండి. ఈసారి డాక్టర్ గారికి రెండు నిమిషాలే ఉన్నా ఆ పేజీ చూస్తే సరిపోతుంది.