సమస్యాపూరణం – జులై ఒకటి: “పుట్టినట్టి నాడె గిట్టెఁ గాదె!”

సంచాలకుడు (విజయవాడ):

ఇవాళ్టి సమస్య, ఆటవెలది నాలుగో పాదం (ముందు మూడు పాదాలు మీరు కట్టాలి):

పుట్టినట్టి నాడె గిట్టెఁ గాదె!

పొద్దున మా ఆవిడకి బీపీ చూపించడానికి సూర్యారావుపేట వెళ్ళాం. డాక్టరు గారి బల్ల నిండా బొకేలే. బీపీ మిషను పెట్టడానికి చోటు లేక కాంపౌండరు దాన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఏమిటీ సందడి అంటే డాక్టర్ల దినోత్సవమట. టోకెన్ పట్టుకుని కూర్చున్న ముప్పావుగంటలో తట్టిన పాదం ఇది. జులై 1తో ముడిపెట్టి పూరించాలి. 1949లో చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ, 1955లో స్టేట్ బ్యాంకు, 1997లో హాంగ్‌కాంగ్ చైనా చేతికి రావడం, 2017లో జీఎస్టీ... సరుక్కి లోటు లేదు. ఈ పాదంలో యతి (మొదటి అక్షరానికి మధ్యలో వచ్చే పొత్తు అక్షరం) కోసం వెతుక్కోనక్కర్లేదు, పుట్టి–గిట్టె ప్రాసయతి (రెండో అక్షరాల పొత్తు) నేనే వేసి ఇచ్చాను. పసిబిడ్డ పురిట్లోనే పోయిందని మాత్రం రాయకండి బాబూ, పొద్దున్నే ఏడవలేం.

లబ్బీపేట:

రాయుఁ డనెడి వైద్యరాజు వంగమునందు
రోగి పేదయైన రుసుము గొనక
ఎనుబదేండ్లు సేవ నెలమితోఁ గావించి
పుట్టినట్టి నాడె గిట్టెఁ గాదె!

బిధాన్ చంద్ర రాయ్ గారండీ. 1882 జులై 1న పాట్నాలో పుట్టి, 1962 జులై 1న కలకత్తాలో పోయారు. సరిగ్గా ఎనభై. మీ డాక్టరు గారి బల్ల మీద బొకేలకి కారణం ఆయనే, 1991 నుంచి ఆయన పేరనే ఈ దినోత్సవం. 1948 నుంచి పోయేదాకా బెంగాల్ ముఖ్యమంత్రి. ఆ కుర్చీలో ఉంటూ కూడా పేద రోగుల్ని ఉచితంగా చూసేవారు. 1961లో భారతరత్న ఇచ్చారు. రాయ్‌ని రాయుణ్ణి చేశాను. కాస్త మన కోనసీమ వాడిలా వినబడుతున్నాడు, ఏం చేయను!

బ్రాడీపేట (గుంటూరు):

అన్నయ్యగారూ, సమస్యకి ఇంతకన్నా సూటి జవాబు లేదు. కానీ ఎనభై ఏళ్ళూ సేవేనా? ఉయ్యాల్లో ఉన్నప్పుడు ఎవరి నాడి పట్టాడండీ? పైగా ‘గొనక’ తర్వాత పాదం ‘ఎ’తో మొదలెట్టారు, అక్కడ యడాగమం రావాలి, ‘యెనుబది’ అనాలి. పాదం మారింది కదా అని వదిలేస్తే మా నాన్నగారు ఒప్పుకునేవారు కాదు.

లబ్బీపేట:

ఉయ్యాల మాట నిజమే చెల్లెమ్మా. సవరించాను:

రాయుఁ డనెడి వైద్యరాజు వంగమునందు
రోగి పేదయైన రుసుము గొనక
చూచి, యెనుబదేండ్లు సొంపుగా నిండంగఁ
బుట్టినట్టి నాడె గిట్టెఁ గాదె!

సంచాలకుడు:

ఇప్పుడు పద్యం నిలబడింది. చూచి–సొంపు యతి బాగుంది. సమస్యలో ‘పు’ కాస్తా ‘బు’ అయిందని ఎవరూ గొడవకి రాకండి, నిండంగన్ మీద ద్రుతం, అంటే చివరి ‘న్’ ఉంది, దాని వల్ల సరళాదేశం వచ్చింది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ ‘చూచి’. “ఆ డాక్టరు బాగా చూస్తాడు” అని మనం రోజూ అనే మాటే పద్యంలోకి వచ్చి కూర్చుంది.

కొత్తపేట (గుంటూరు):

ఇవాళ మా ఆడిటర్ల పండగ కూడా. మాకు పండగంటే రిటర్నులే కాబట్టి:

అర్ధరాత్రి గంట యదరంగ జీయెస్టి
వ్యాటు నెత్తి మీఁదఁ బాదమూని
పన్నులన్ని మింగి వటువోలెఁ బెరిగెఁ, దాఁ
బుట్టినట్టి నాడె గిట్టెఁ గాదె!

పటమట:

వామనుడూ బలీ పోలిక దివ్యంగా ఉంది. కానీ రెండు సందేహాలు. ఒకటి, గిట్టిందెవరు? వ్యాటు (జీఎస్టీకి ముందు నుంచీ ఉన్న అమ్మకం పన్ను) అని మీరూ నేనూ అనుకుంటున్నాం తప్ప పద్యంలో కర్త లేదు. ‘వ్యాటు నెత్తి’ దగ్గర అది ‘వ్యాటు యొక్క’ అనే షష్ఠిలో ఇరుక్కుపోయింది. ఉన్నదున్నట్టు చదివితే జీఎస్టీయే పుట్టిన రోజున పోయినట్టుంది. మీ కక్షిదారులు విని సంతోషిస్తారేమో గానీ... రెండు, వ్యాటు చచ్చిందని ఎవరన్నారు? బెంజి సర్కిల్ దగ్గర బండికి ఆయిలు కొట్టించుకోండి, బతికే కనబడుతుంది. పెట్రోలు, డీజిలు, మందుసీసా ఇంకా జీఎస్టీలోకి రాలేదు.

కొత్తపేట:

రెండో మాటకి చేతులెత్తేశాను, ఆడిటర్ని అయ్యుండి రాయకూడనిది రాశాను. బలిని కూడా వామనుడు చంపలేదు, పాతాళానికి తొక్కాడంతే. కాబట్టి వ్యాటు పాతాళంలో పెట్రోలు బావుల దగ్గర ఉందనుకోండి.

సంచాలకుడు:

సమర్థన పద్యం కన్నా బాగుంది. కర్త దోషం మాత్రం అలాగే ఉంది సుమా. ఈ సమస్యలో కిటుకంతా అక్కడే. పుట్టినదొకటి, గిట్టినదొకటి అయినప్పుడు రెండూ విడివిడిగా కనబడాలి.

కృష్ణలంక:

అందరికీ నమస్కారం. నేను రాసిన మొదటి ఆటవెలది. తప్పులుంటే తిట్టండి గానీ నెమ్మదిగా.

స్టేటు బ్యాంకు పేరఁ జిగిరించె నీనాఁడు
ఇంపిరియలు పేరు మాసిపోయె
పాత పేరు పోయి ప్రజల బ్యాంకై తాను
పుట్టినట్టి నాడె గిట్టెఁ గాదె!

సంచాలకుడు:

రావయ్యా కొత్త పెళ్ళికొడుకూ! విషయం గట్టిగా పట్టుకున్నావు. బెంగాల్, బొంబాయి, మద్రాసు బ్యాంకులు మూడూ కలిసి 1921లో ఇంపీరియల్ బ్యాంకు అయ్యాయి, 1955 జులై 1న అదే స్టేట్ బ్యాంకు అయింది. గణాలన్నీ సరిపోయాయి. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది: ‘ఇం’కి ‘మా’ ఎలా కుదురుతుంది? “ఇంపిరియలు పేరె యింకిపోయె” అను, సరిపోతుంది. ఇక మూడు పాదాల్లో మూడు ‘పేర్లు’ పెట్టావు. పద్యానికి నామకరణం ఒక్కసారి చాలు.

పటమట:

‘స్టేటు బ్యాంకు’లో ‘టు’ తర్వాత ఒత్తున్న ‘బ్యా’ ఉంది కదా, ‘టు’ గురువు, అంటే బరువక్షరం, కాదా?

బ్రాడీపేట:

సంస్కృత సమాసమైతే అవుతుంది. ఇవి ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలు, విడిగా పలుకుతాం. పలికి చూసుకోండి, ‘టు’ తేలిగ్గానే ఉంటుంది. కుర్రాణ్ణి వదిలెయ్యండి.

సత్యనారాయణపురం:

పెద్దపెద్ద వాళ్ళ గురించి మీరంతా రాశారు. నాది చిన్న విషయం.

అమ్మ చెప్పినట్టి యట్లతద్దియ కాస్త
బడినిఁ జేర మాసె, పంతులిడిన
తేది నిలిచె, నసలు తిథి మాత్ర మా తేది
పుట్టినట్టి నాడె గిట్టెఁ గాదె!

మా తరం పల్లెటూరి వాళ్ళలో సగం మంది జులై 1నే పుట్టారు, గమనించారా? బళ్ళో వేసినప్పుడు పంతులుగారు “ఎప్పుడు పుట్టాడమ్మా” అనడం, అమ్మ “అట్లతద్దె రాత్రండీ, వాన కురుస్తోంది” అనడం, ఆయన వేళ్ళు మడిచి ఏడాది లెక్కేసి 1–7 అని రాసేయడం. వానకి రిజిస్టర్లో గడి లేదు మరి. ఆ రాతకి ఫలితం కొలువులో తెలిసింది. నెల మొదటి తేదీన పుట్టినవాణ్ణి ముందు నెల ఆఖరి రోజునే ఇంటికి పంపుతారు. కేంద్ర కొలువులో నాకు ఇంక్రిమెంటేమో జులై 1న. జూన్ 30న దండ వేయించుకున్నాను, ఒక్క రాత్రి తేడాలో ఏడాది ఇంక్రిమెంటు పోయింది. అలాంటి వాళ్ళకి అది ఇవ్వాల్సిందేనని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది లెండి.

లబ్బీపేట:

మాస్టారూ, నా రాయుణ్ణి వెనక్కి తీసుకుంటున్నాను. నాది కూడా 1–7 పుట్టుకే. పద్యం రాస్తూ అది గుర్తు కూడా రాలేదు!

బ్రాడీపేట:

పుట్టింది తేదీ, గిట్టింది తిథి. కర్తలిద్దరూ స్పష్టంగా కనబడుతున్నారు, కొత్తపేట వారు గమనించాలి. ‘కాస్త’ వాడుక మాటే అయినా మార్చకండి. అది తీసేస్తే ఆ ఉసూరుమనడం పోతుంది. ‘అట్లతద్దియ’లో తకారం గురువై రగణం కావడం, ‘తేది–తిథి’ యతి, అన్నీ సరిగ్గా ఉన్నాయి. నాకు అనడానికేమీ మిగల్లేదు.

సంచాలకుడు:

నాకూ అంతే. ఇవాళ్టికి ఇదే మేలైన పూరణ. మాస్టారూ, ఇంతకీ ఇంట్లో పుట్టినరోజు ఎప్పుడు చేస్తారు?

సత్యనారాయణపురం:

మనవరాలు ఆధార్ కార్డు చూసి ఇందాకే కేకు తెచ్చింది. కోశాను, తిన్నాను. అట్లతద్దెకి మాత్రం మా ఆవిడ అట్లు పోసేటప్పుడు, వాయనానివి తీసి పక్కన పెట్టి, పెనం మీంచి దిగిన తర్వాతి అట్టు నా కంచంలో వేస్తుంది. ఎందుకో ఆవిడా చెప్పదు, నేనూ అడగను.