నడుస్తున్న పెద్దవాళ్లతో మాట్లాడొచ్చా? అమ్మని మాట్లాడకుండా నడవమనడం సబబేనా?

అయ్యకోనేరు గట్టు:
మాది విజయనగరం. అమ్మకి 68 ఏళ్లు. రోజూ సాయంత్రం ఇంకో ముగ్గురు ఆడవాళ్లతో కలిసి కోనేటి గట్టు వైపు నడిచి వస్తుంది. రెండు నెలల కిందట పడిపోయింది. కారణం నేనే. వీధి మలుపులో ఎదురుపడి, బండి మీంచే "అమ్మా, గ్యాస్ బుక్కు ఎక్కడ పెట్టావు?" అని అడిగాను. నా వైపు తిరిగి, గుర్తు చేసుకుంటూ అడుగు వేసింది. కాలువ మీది పలక కాస్త ఎత్తుగా ఉంది. మణికట్టు విరిగింది. ఆ పలక ఆమెకి కొత్త కాదు, ఇరవై ఏళ్లుగా దాటుతున్నదే.

కట్టు విప్పాక ఇంట్లో రూలు పెట్టాను. నడిచేటప్పుడు మాటలు వద్దు, ఫోను ఇంట్లోనే ఉండాలి అని. అమ్మ ఒప్పుకోవడం లేదు. "ఏటిరా, నోరు కట్టీసుకుని నడమంటావేటి? అలగైతే ఇంట్లోనే కూకుంటాను" అంటోంది. చెల్లి కూడా అమ్మ వైపే. మీరేమంటారు?

ఏడు రోడ్ల కూడలి:
అన్నా, తప్పు మాటది కాదు, పలకది. మా అమ్మమ్మ నెత్తి మీద గంప, చంకలో పిల్లని పెట్టుకుని, దారంతా కబుర్లు చెప్పుకుంటూ సంతకి నడిచేది. ఒక్కసారి పడలేదు. శ్రీకాకుళంలో అయినా మీ ఊళ్లో అయినా నడిచేవాడికి రోడ్డు పక్కన జానెడు చోటు లేదు. ముందు అది అడగండి, అమ్మ నోరు కట్టకండి.

ఫిజియో (విజయనగరం):
పలక సరిచేయించాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ అదే పలకని ఇరవై ఏళ్లు దాటిన మనిషి ఆ రోజే ఎందుకు తట్టుకుని పడింది? అక్కడ ఆలోచించాలి.

వయసులో ఉన్నప్పుడు నడక దానంతట అదే సాగుతుంది. వెన్నుపాము, చిన్నమెదడు చాలావరకు చూసుకుంటాయి, మనం ఏదో ఆలోచించుకుంటూ పోవచ్చు. వయసు పైబడ్డాక చూపు మందగిస్తుంది, పాదాలకి నేల తెలియడం తగ్గుతుంది, కండబలం తగ్గుతుంది. ఆ లోటుని ధ్యాసతో పూడ్చుకోవాలి. ఎటు అడుగు వేస్తున్నామో గమనిస్తూ ఉండాలన్నమాట. సరిగ్గా అప్పుడే ఎవరైనా "ఫలానాది ఎక్కడ పెట్టావు" అంటే, నడకకి వాడుతున్న ధ్యాసే దానికీ కావాలి. ఉన్న ధ్యాస ఒక్కటే, నడకా మాటా రెండూ దాన్నే లాగుతాయి.

1997లో స్వీడన్ నుంచి ఒక చిన్న పరిశీలన వచ్చింది. వృద్ధుల వసతి గృహాల్లో ఉంటున్న 58 మందిని నడిపిస్తూ మాట కలిపారు. 12 మంది జవాబు చెప్పడానికి నడక ఆపేశారు. ఆ 12 మందిలో 10 మంది తర్వాతి ఆరు నెలల్లో పడ్డారు. అంత సులభమైన పరీక్ష అంత చెప్పగలదని ఎవరూ అనుకోలేదు. ఒక్క జాగ్రత్త: ఆగడం వల్ల పడలేదు. ఆగడం మంచి పనే, శరీరం తనని తాను కాపాడుకుంటోంది. ఆగాల్సి వస్తోందంటేనే నడకకి ధ్యాస చాలడం లేదని గుర్తు.

గంప సంగతి: ఆవిడకి చిన్నప్పటి నుంచి అదే సాధన. ఆ సాధన ఎంత విలువైనదో మళ్లీ రాస్తాను, ఇప్పుడు పేషెంట్లు ఉన్నారు.

రిటైర్డ్ మాస్టారు:
నాకు 71. నేను అమ్మగారి పక్షం.

వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయ ఆవరణలో చేసిన ప్రయోగం ఒకటుంది, 2010లో అచ్చయింది. ఒంటిచక్రం సైకిలు మీద ఒక విదూషకుణ్ణి తిప్పారు. ఆ దారిన నడిచి వచ్చినవాళ్లని "చూశారా?" అని అడిగారు. ఫోన్‌లో మాట్లాడుతూ వచ్చినవాళ్లలో చూసింది పాతిక శాతమే. ఒంటరిగా వచ్చినవాళ్లలో సగం మంది. పక్క మనిషితో జంటగా వచ్చినవాళ్లలో 71 శాతం! చూడండి బాబూ, పక్కనున్న మనిషి రెండో జత కళ్లు. "అక్కా, గొయ్యి" అంటారు, మాట మధ్యలో ఆపేస్తారు, చెయ్యి పట్టుకుంటారు. ఫోన్లో ఉన్నవాడికి గొయ్యి కనబడదు, వాడు చెప్పుకుంటూ పోతాడు.

ఇక మెసేజ్‌లు రాస్తూ నడవడం ఏ వయసులోనూ సమర్థించను. 2012లో న్యూయార్క్ దగ్గర స్టోనీ బ్రూక్‌లో చూస్తే, కుర్రవాళ్లకే నడక వేగం 33 శాతం తగ్గింది, పక్కకి జరిగిపోవడం 61 శాతం పెరిగింది. కాబట్టి ఫోను ఇంట్లో పెట్టించడం సరే. స్నేహితురాళ్లని కూడా ఇంట్లో పెట్టిస్తారా? ఆ కబుర్లే లేకపోతే ఆవిడ గడప దాటరు. నాలుగు నెలలు కూర్చుంటే కాళ్లలో మిగిలిన బలం కూడా పోతుంది.

అయినా రెండు పనులు ఒకేసారి చేయలేడా మనిషి? అవధాని ఎనిమిది మందిని మోయడం లేదా?

ఫిజియో (విజయనగరం):
మాస్టారూ, అవధాని కూర్చుని చేస్తారు. అడుగు తడబడే భయం ఆయనకి లేదు. మీరు చెప్పిన విదూషకుడి ప్రయోగం కూడా ఎక్కువగా కుర్రవాళ్లు తిరిగే ఆవరణలో జరిగింది, 68 ఏళ్ల కాళ్లకి దాన్ని ఉన్నదున్నట్టు అతికించలేం. కానీ కూర్చోబెట్టడం ప్రమాదమన్న మీ మాటతో నూటికి నూరు ఏకీభవిస్తాను. మాట్లాడకుండా నడవమని నేను ఎవరికీ చెప్పను.

ఇప్పుడు సాధన సంగతి. జెనీవాలో 65 దాటిన 134 మందితో ఒక పరిశోధన చేశారు, 2011లో వచ్చింది. వారానికి ఒక గంట, ఆరు నెలలు, పియానో తాళం మారినప్పుడల్లా అడుగు మారుస్తూ, మధ్యలో చేతులతో ఇంకేదో చేస్తూ నడవాలి. అలా చేసినవాళ్లలో పడిపోవడాలు సగానికి పైగా తగ్గాయి. అది చదివినప్పుడు నాకు మన కోలాటమే గుర్తొచ్చింది. నోట్లో పాట, చేతిలో కర్ర, అడుగు తాళానికి, కళ్లు ఎదుటి మనిషి మీద. తప్పెటగుళ్ల వాళ్లయితే రొమ్ము మీద తప్పెట వాయిస్తూ, పాడుతూ, గెంతుతారు. ఇవి మన దగ్గర ఎవరూ పరీక్షించి చూపించారని చెప్పడం లేదు. ధ్యాసని పంచుకోవడం కూడా ఒక కసరత్తే అంటున్నాను. చదునైన చోట, పట్టుకోవడానికి మనిషి ఉన్నప్పుడు చేయించాలి. కాలువ పలక మీద కాదు.

ఇంట్లో ఒకటి చేసి చూడండి. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. సెకన్లు లెక్కపెట్టండి. రెండోసారి తెలుగు నెలలు ఫాల్గుణం నుంచి వెనక్కి చెప్పమంటూ అదే నడక. మీరు పక్కనే ఉండాలి.

ఏడు రోడ్ల కూడలి:
కోలాటం మాట ఒప్పుకుంటాను. పలక మాట మాత్రం వదలను. ధ్యాస తప్పిన ప్రతి మనిషీ పడిపోయేలా ఉన్న రోడ్డు రోడ్డు కాదు.

అయ్యకోనేరు గట్టు:
నిన్న రాత్రి చేశాం. మామూలుగా 13 సెకన్లు. నెలలు చెబుతూ 21. ఆశ్వయుజం దాకా గబగబా వచ్చింది, తర్వాత గది మధ్యలో నిలబడిపోయింది. "భాద్రపదం" అన్నాకే మళ్లీ కాలు కదిలింది. నాకు గుండె జారిపోయింది. ఆ వీధి మలుపులో నేను అడిగిన ప్రశ్న ఎంత బరువైనదో అప్పుడు అర్థమైంది.

రూలు తీసేశాను. ఆ ముగ్గురితో మాట్లాడుకుంటూనే నడుస్తుంది. పలక దగ్గర, రోడ్డు దాటే చోట అందరూ మాట ఆపాలని వాళ్లలో వాళ్లే అనుకున్నారు. దారిలో ఎదురైతే నేను బండి ఆపి, ఆమె నిలబడ్డాకే పలకరిస్తున్నాను. వీధిలో కోలాటం నేర్పే ఆవిడ ఉన్నారు, శనివారం అడుగుతాను. ఫిజియోగారూ, మణికట్టు విరిగిన చేత్తో కర్ర ఎప్పటి నుంచి పట్టించొచ్చు?