ఆడ డిటెక్టివ్ పరిగెత్తించే క్రైమ్ నవలలు ఏమున్నాయి?

మియాపూర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు రోజూ మెట్రోలో వెళ్లొస్తాను. రానూపోనూ గంటన్నర. అమీర్‌పేట రద్దీ కూడా తెలియనంత స్పీడుగా లాక్కెళ్లే నవల కావాలి, అందులో కేసు తేల్చేది ఆడమనిషి అయ్యుండాలి.

అమ్మ దాచిన కొమ్మూరి యుగంధర్లూ, మధుబాబు షాడోలూ అయిపోయాయి. వేగానికి వంక పెట్టలేను. కానీ నేను చదివినవాటిలో ఆడవాళ్లు అయితే కెవ్వుమని అరుస్తారు, లేదంటే మొదటి పేజీలోనే శవమైపోతారు! 1930లో తొలి నవల వచ్చిన అగాథా క్రిస్టీ ముసలి డిటెక్టివ్ మిస్ మార్పుల్ అంటే నాకు ప్రాణమే గానీ, ఆవిడ అల్లిక సూదులు పట్టుకుని తీరిగ్గా ఆలోచిస్తుంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద సూ గ్రాఫ్టన్ పుస్తకాలు రెండు దొరికాయి. 1982లో 'ఎ' అక్షరంతో మొదలై 2017లో 'వై' దగ్గర ఆగిపోయిన సిరీస్ అది. అందులోని ప్రైవేటు డిటెక్టివ్ కిన్సీ మిల్‌హోన్ లాంటి మనిషి తెలుగులో ఉందా?

ఎస్సై అయినా, ప్రైవేటు డిటెక్టివ్ అయినా పర్లేదు. కథ నాలుగైదు రోజుల్లో తేలిపోవాలి. చివర్లో ఎవడో హీరో వచ్చి ఆమెను కాపాడే బాపతు మాత్రం వద్దండీ. పసిపిల్లల మీద హింస ఉంటే ముందే చెప్పండి, చదవలేను.

అనువాదమైనా సరే. హైదరాబాద్‌లో నడిచే కథైతే ఇంకా సంతోషం. ఆడవాళ్ల భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ 2014లోనే వచ్చాయి కదా, ఆ నేపథ్యంలో ఎవరూ రాయలేదా? పాత పుస్తకమైతే కోఠిలో వెతుక్కుంటాను, పేరు చెప్పండి చాలు.