లెవెల్ 13లో ఫైటర్, విజార్డ్ ఇద్దరూ ఒకటేనా? తేల్చండి

కత్తీడాలూ:
మొన్న మా సెషన్‌లో జరిగింది చెప్తా, మీరే తేల్చండి. ఆట డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలేసి కథ నడిపే ఆట) ఐదో ఎడిషన్, 2014 రూల్స్, పార్టీ అంతా లెవెల్ 13, నాది ఫైటర్, అంటే యోధుడు. మా డీఎం (డంజన్ మాస్టర్, కథ నడిపేవాడు) ఎడారి దాటే ప్రయాణం రెడీ చేసుకొచ్చాడు, పన్నెండు రోజుల దారి, చేత్తో గీసిన మ్యాప్, నీళ్ల లెక్క, ఇసుక తుఫాను, మధ్యలో ఒక కూలిపోయిన కోట. నేను హుషారుగా నా పాత్ర షీట్ తీసి తాడు ఎంతుంది, తిండి ఎన్ని రోజులకొస్తుంది అని రాసుకుంటున్నా, ఈలోపు విజార్డ్ (మాంత్రికుడు) ఆడేవాడు "టెలిపోర్ట్ వేస్తున్నా" అన్నాడు. అందర్నీ ఒక్క క్షణంలో కోరిన చోటికి చేర్చే మంత్రం అది. అంతే, అయిపోయింది. మా డీఎం ఏం మాట్లాడకుండా మ్యాప్ నాలుగు మడతలు పెట్టి స్క్రీన్ వెనక పెట్టేసుకున్నాడు. నా పెన్సిల్ "తాడు 50 అడుగులు" దగ్గరే ఆగిపోయింది.

డ్యామేజ్ గురించి కాదు నా గోల, కొట్టుడులో నేనేం తక్కువ తినలేదు. కథ ఎటు పోవాలో వాడు ఒక్క మాటతో తేల్చేస్తాడు, నేను మాత్రం ఎవడో చూపించినవాణ్ణి కొట్టాలి. ఇద్దరి షీట్ల మీదా 13 అనే ఉంది మరి.

డైస్‌దొంగ:
బ్రో, మీ విజార్డ్ ఆ ఊరు ఎప్పుడైనా చూశాడా? టెలిపోర్ట్‌కి టేబుల్ ఉంది కదా. ఎవరో చెప్పగా విన్న చోటైతే పర్సెంటేజ్ డైస్ (1 నుంచి 100) మీద 43 లోపు పడిందంటే మిస్‌హాప్, అంటే మంత్రం బెడిసికొట్టినట్టు, అందరికీ 3డి10 (పది ముఖాల పాచికలు మూడు వేసినంత) డ్యామేజ్, మళ్ళీ రోల్. అనుకున్న చోటే దిగే ఛాన్స్ 27 శాతం. ఇంకోటి, లెవెల్ 13లో వాడికి టెలిపోర్ట్‌కి కావాల్సిన ఏడో లెవెల్ స్లాట్ (ఆ స్థాయి మంత్రం వేసే అవకాశం) రోజుకి ఒక్కటే, ఇలా ప్రయాణానికి వాడేస్తే దిగిన చోట దెబ్బలాటకి ఉండదు. రూల్స్ గాలికొదిలేసి క్లాస్‌ని (ఫైటర్, విజార్డ్ లాంటి పాత్ర రకాన్ని) తిడితే ఎలా?

కత్తీడాలూ:
రోల్ వేయించలేదు, ఒప్పుకుంటా. కానీ నువ్వన్నదాంట్లోనే ఉంది చూడు. వాడు 43 శాతం రిస్క్ తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తాడు. నాకు ఆలోచించడానికి ఆ రిస్కైనా ఏదీ?

లెక్కలపిచ్చి:
ఐదో ఎడిషన్‌లో నంబర్లు కావాలనే కిందే ఉంచారు. ప్రొఫిషెన్సీ (నైపుణ్యానికి రోల్‌లో కలిపే బోనస్) లెవెల్ 1లో +2, లెవెల్ 20కి వచ్చినా +6 అంతే. ఏసీ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 20 ఉన్న ఫైటర్‌ని మామూలు గోబ్లిన్ ఇరవై ముఖాల పాచిక మీద 16 లేదా పైన వేస్తే, దాని బోనస్ కలిపి కొట్టగలదు, అంటే 25 శాతం. ఇరవై గోబ్లిన్లు చుట్టుముడితే ఐదు దెబ్బలు తగుల్తాయి, ఎంత మొనగాడైనా. ఇక రోజుకి ఆరు నుంచి ఎనిమిది ఫైట్లు అని డీఎం పుస్తకంలోనే ఉంది, అన్నీ ఆడితే విజార్డ్ స్లాట్లు ఐపోయి గోళ్ళు గిల్లుకుంటాడు, ఫైటర్ అప్పటికీ మూడేసి దెబ్బలు కొడుతూనే ఉంటాడు. మీ టేబుల్‌లో రోజుకి ఎన్ని ఫైట్లు?

కత్తీడాలూ:
ఒకటి. మహా అయితే రెండు.

నిద్రలేని డీఎం:
రోజుకి ఎనిమిది ఫైట్లు ఎవరు పెడుతున్నారు బాస్ 😂 మూడు గంటల సెషన్‌లో ఒక్క ఫైట్ అయ్యేసరికి సగం మంది ఫోన్ చూస్తుంటారు. పుస్తకంలో ఉన్నది నిజమే, దాన్ని నమ్ముకుని బ్యాలెన్స్ చేస్తే మాత్రం మునిగినట్టే.

పాతకాపు:
అసలు సమానంగా ఉండాలని ఎవరన్నారు? 1981 బేసిక్ రూల్స్‌లో లెవెల్ 2కి వెళ్ళాలంటే దొంగకి 1200 ఎక్స్‌పీ (అనుభవం పాయింట్లు), ఫైటర్‌కి 2000, మ్యాజిక్ యూజర్‌కి (అప్పటి విజార్డ్) 2500. ఆ మ్యాజిక్ యూజర్‌కి ప్రాణం ఒక్క డి4 (నాలుగు ముఖాల పాచిక), కవచం లేదు, రోజంతటికీ ఒకే ఒక్క స్పెల్. అది వేసేశాక దీపం పట్టుకుని అందరి వెనక నడవడమే పని. ఒక ఎలక కరిచినా చచ్చేవాడు. అన్ని గండాలు దాటి పైకొచ్చినవాడు పర్వతాలు కదిపితే కుళ్ళుకునేవాళ్ళం కాదు, వాడు సంపాదించుకున్నాడు అనుకునేవాళ్ళం.

ఇంకో సంగతి కూడా మర్చిపోతున్నారు. అడ్వాన్స్‌డ్ డీ అండ్ డీలో తొమ్మిదో లెవెల్ ఫైటర్ కోట కట్టుకుంటే సైనికులు వచ్చి చేరేవాళ్ళు. అంటే అక్కడ విజార్డ్ చేతిలో స్పెల్స్ ఉంటే ఫైటర్ వెనక దండు ఉండేది, ఆ చుట్టుపక్కల కథంతా ఆయన మాట మీద నడిచేది. తర్వాత వచ్చినవాళ్ళు ఏం చేశారు? డి4ని డి6 చేశారు, ఎన్నిసార్లు వేసినా అయిపోని క్యాంట్రిప్స్ అనే చిన్న మంత్రాలు ఇచ్చారు, ఫైటర్ దగ్గర మాత్రం కోట లాగేసుకుని ఇంకో దెబ్బ కొట్టుకో నాయనా అన్నారు. కత్తీడాలూ గారి బాధ విజార్డ్ ఎక్కువైనందుకు కాదు, తన కోట పోయినందుకు.

డైస్‌దొంగ:
అన్నా మీరు చెప్పింది బానే ఉంది గానీ మొదటి పది సెషన్లు ఒకడు ఎలక కరిచి చస్తూ ఉంటే, ఆఖరి పది సెషన్లు ఇంకొకడు చూస్తూ కూర్చుంటే దాన్ని బ్యాలెన్స్ అంటారా? వంతులేసుకుని బోర్ కొట్టించుకోవడం అది. అసలు ఎన్ని క్యాంపెయిన్లు ఆ ఆఖరి దాకా వెళ్తాయి?

ఆరోలెవెల్:
మేం 3.5ని (డీ అండ్ డీ పాత ఎడిషన్) ఈ6 పద్ధతిలో ఆడతాం. లెవెల్ 6 దగ్గర ఆగిపోవడమే, ఆ తర్వాత ప్రతి 5000 ఎక్స్‌పీకి ఒక ఫీట్ (అదనపు ప్రత్యేక నైపుణ్యం). ఫైర్‌బాల్ మంత్రం దాకా ఉంటుంది, టెలిపోర్ట్ ఉండదు, ఎడారి ఎడారిలానే ఉంటుంది. గొడవే లేదు.

నిద్రలేని డీఎం:
గొడవ లేదు కానీ పై లెవెల్స్ సరదా కూడా లేదు గురూ. 2008లో నాలుగో ఎడిషన్ దీన్నే ఇంకోలా సాల్వ్ చేసింది, ఫైటర్‌కీ విజార్డ్‌కీ ఒకే చట్రం, ఎప్పుడూ వాడేవి, ఫైట్‌కొకసారి వాడేవి, రోజుకొకసారి వాడేవి. నాకైతే బాగా నచ్చింది. జనం ఏమన్నారు, అన్ని క్లాసులూ ఒకేలా ఉన్నాయన్నారు. తేడా ఉంటే అన్యాయం, లేకపోతే చప్పిడి, డీఎం ఎటు చావాలి?

చక్రంవద్దు:
మన కథల్లో దీనికి జవాబు ఎప్పుడో ఉంది. అందరికంటే పవర్ ఉన్నాయన ఆయుధం పట్టనని చెప్పి పగ్గాలు పట్టుకున్నాడు, బాణాలు వేసే పని పక్కవాడికి వదిలేశాడు. 1987 నుంచి ఉన్న ఆర్స్ మ్యాజికా అనే ఆటలో ఇంచుమించు ఇదే వరస, మాంత్రికుడు, సహచరుడు, కింద గ్రాగ్స్ అనే కాపలావాళ్ళు, ముగ్గురూ సమానం కాదని మొదటే చెప్పేస్తారు, ఎవరు ఏది ఆడాలో వంతులు మార్చుకుంటారు. ఇవాళ మాంత్రికుణ్ణి ఆడినవాడే రేపు గ్రాగ్. నాకు తెలిసి అక్కడ ఈ ఏడుపు తక్కువ, ఎందుకంటే సమానం అని ముందు అబద్ధం చెప్పరు.

కత్తీడాలూ:
ఈ మాట తగిలింది. అబద్ధం చెప్పారనే కదా నా కోపమంతా.

పాతకాపు గారి పోస్ట్ మా డీఎంకి చదివి వినిపించా. ఆయన కాసేపు ఆలోచించి ఆ మడతపెట్టిన మ్యాప్ మళ్ళీ బయటికి తీశాడు. ఎడారి మధ్యలో కూలిన కోట ఉంది చూశారా, దాన్ని మొన్నటి యుద్ధానికి బహుమానంగా రాజు నా ఫైటర్‌కి రాసిస్తాడట, బాగు చేయించుకుంటే పాత సైనికులు ఓ నలభై మంది వచ్చి చేరతారట. టెలిపోర్ట్‌తో తొమ్మిది మంది కంటే ఎక్కువ పోలేరు కాబట్టి నా దండు కదలాలంటే ఎడారి నడిచే దాటాలి. ఇప్పుడు దారి ఎటు అనేది నన్నే అడగాలి అందరూ.

విజార్డ్ ఆడేవాడు మాత్రం నిన్నటి నుంచి గ్రూప్‌లో తనకో టవర్ కావాలని ఒకటే పోరు.