సాకీ కథ "ది స్టోరీ టెల్లర్" తొమ్మిదేళ్ల పిల్లకి చెప్పొచ్చా?

చిన్నీవాళ్ళమ్మ:
పడుకునే ముందు మా పాపకి ఏదో ఒక ఇంగ్లీష్ కథ చదివి తెలుగులో చెప్తుంటా. నిన్న సాకీ అనే ఇంగ్లీష్ రచయిత కథ ఇది చెప్పా. రైల్లో అల్లరి చేసే పిల్లలకి ఎవరో తెలీనాయన కథ చెప్తాడు, అందులో బెర్తా అని మహా బుద్ధిమంతురాలు, దానికి మూడు మెడల్స్ ఇస్తారు, తోడేలొస్తే పొదలో దాక్కుంటుంది గానీ భయానికి వణుకుతుంటే మెడల్స్ గలగలమని చప్పుడైపోయి దొరికిపోతుంది, తినేస్తుంది. పాప పడీపడీ నవ్వింది. మా అత్తగారు మాత్రం "బుద్ధిగా ఉంటే తోడేలు తింటుందని నేర్పిస్తున్నావా" అని క్లాస్ పీకారు. ఇలాంటివి ఆపేయాలంటారా?

పాతపుస్తకం:
ఆపకండి. ఆ కథలో పిల్లల వెంట ఉన్న మేనత్త ముందు ఒక నీతికథ చెప్తుంది చూడండి, మంచిపిల్ల కాబట్టి ఎద్దు తరిమితే జనం వచ్చి కాపాడారని. మంచిది కాకపోతే కాపాడరా అని పిల్ల అడిగితే ఆవిడ నీళ్ళు నమిలి, కాపాడతారులే గానీ అంత స్పీడుగా పరిగెత్తుకు రారేమో అంటుంది 😂 నాకైతే తోడేలు కన్నా ఈ ముక్కే ఇష్టం. సాకీ అసలు పేరు హెక్టర్ హ్యూ మన్రో, 1870లో బర్మాలో పుట్టాడు, పసితనంలోనే తల్లి పోతే ఇంగ్లండ్ పంపేశారు, డెవన్‌లో నాయనమ్మ, ఇద్దరు మేనత్తలు పెంచారు, మహా స్ట్రిక్టు. ఆయన కథల్లో మేనత్తల గతి అందుకే అలా ఉంటుంది.

రాత్రిబండి:
ఏమో అక్కా, నేనైతే చూసి చూసి చెప్తా. ఇది ఓకే. సాకీదే ఇంకో కథ స్రెడ్ని వాష్టార్ మాత్రం ఇప్పుడే వద్దు. పదేళ్ల రోగిష్టి పిల్లాడు షెడ్డులో ముంగిసలాంటి జంతువుని దాచి దేవుడిలా మొక్కుతుంటాడు, అది వాడి గార్డియన్‌ని చంపేస్తే వాడు కూర్చుని రొట్టె కాల్చుకుని వెన్న రాసుకుంటాడు. పెద్దయ్యాక నేను చదివినా ఒళ్ళు జలదరించింది. అసలు సాకీ పిల్లల గురించి రాశాడు గానీ పిల్లల కోసం కాదు కదా.

కొబ్బరాకు:
పిల్లల కోసం రాసినవాళ్ళు మాత్రం తక్కువా? 1902 నాటి పిల్లల పుస్తకం పీటర్ రాబిట్ మొదట్లోనే తల్లి కుందేలు ఏం చెప్తుంది, మెక్‌గ్రెగర్ తోటలోకి పోకండ్రా, మీ నాన్నని ఆయన పెళ్ళాం వండి "పై" అనే వంటకంలో పెట్టేసింది అని! అంతకుముందు ఇంగ్లండ్‌లో పిల్లలకి నీతిపద్యాలు బట్టీ పట్టించేవాళ్ళు, 1865లో ఆలిస్ ఇన్ వండర్‌లాండ్ పుస్తకం వచ్చి వాటినే ఆటపట్టించింది, తేనెటీగలా కష్టపడమనే పద్యం కాస్తా చేపల్ని నవ్వుతూ మింగే మొసలి పద్యమైంది. 1907లో బెలాక్ రాసిన పద్యకథలు కాషనరీ టేల్స్ ఇంకా ఘోరం, ఆయా చెయ్యి వదిలి పరిగెత్తిన జిమ్‌ని సింహం కాళ్ళ దగ్గర్నుంచి మొదలెట్టి తింటుంది, మటిల్డాది అచ్చం మన నాన్నా పులి కథే గానీ పులి బదులు ఇల్లు తగలబడుతుంది. చిన్నీకి ఇవన్నీ నచ్చుతాయి, గ్యారంటీ. సాకీవే ఇంకా కావాలంటే బీస్ట్స్ అండ్ సూపర్ బీస్ట్స్ అనే ఆయన కథల పుస్తకం గూటెన్‌బర్గ్ అనే పాతపుస్తకాల వెబ్‌సైట్‌లో ఫ్రీ, అందులో లంబర్ రూమ్ కథ చెప్పండి, పిల్లాడు తన గిన్నెలో తనే కప్పని వేసుకుంటాడు, ఎవరూ చావరు. అత్తగారిని కూడా కూర్చోబెట్టండి.