సయాటికా: గోలీలా, ఇంజక్షనా, ఆపరేషనా? లీడ్స్‌కు కొత్తగ వచ్చిన, సలహా కావాలె

ప్రశ్న (హన్మకొండ, ఇప్పుడు లీడ్స్)

అన్నలకు, అక్కలకు నమస్తే. అయిదు వారాలుగ సయాటికా, అంటే నడుం కాడ నరం ఒత్తుకొని కాలికి పాకే నొప్పి. ఎడమ పిరుదు కాడికెల్లి పిక్క మీదుగా బొటనవేలు దాకా గుంజుతున్నది. కూసుంటే ఎక్కువైతది. విమానం ఎక్కేముందు తీసిన ఎంఆర్ఐల ఎల్4-ఎల్5 డిస్క్ ఎక్స్‌ట్రూజన్ (నడుం ఎముకల నడుమ ఉండే మెత్తటి డిస్క్ ముక్క బయటికి వచ్చుడు) అని రాసిన్రు. ఇంట్లోళ్లు తిరిగి రా, ఆపరేషన్ చేయిద్దాం అంటున్నరు. ఎసిక్లోఫెనాక్ (నొప్పి గోలీ), ప్రెగాబాలిన్ (నరాల నొప్పి గోలీ) తెచ్చుకున్న. ఏం చెయ్యాలె?

జవాబు (ఫిజియోథెరపిస్ట్, కాజీపేట / బ్రాడ్‌ఫర్డ్)

తమ్మీ, ఎంఆర్ఐ కాయితం పక్కన పెట్టి ముందుగాల కాలు చూసుకో. చెప్పులిడిచి మడిమల మీద పది అడుగులు నడువు. ఎడమ పాదం టప్పున నేలకు పడుతున్నదా? బొటనవేలు పైకి లేపి చేత్తోని కిందికి ఒత్తు, కుడి కాలుతోని పోల్చుకో. ఎల్4-ఎల్5 డిస్క్ మామూలుగ ఒత్తేది ఎల్5 నరాన్ని, పాదాన్ని, బొటనవేలును లేపేది ఆ నరమే. తర్వాత గోడ పట్టుకొని ఒంటికాలి మునివేళ్ల మీద పదిసార్లు లేవు, అది ఎస్1 నరం పని. బలం రెండు దిక్కుల సమానంగ ఉంటే నీకు టైమున్నది. పాదం జారుతుంటే, బలం తగ్గుకుంట పోతుంటే అదే రోజు జీపీకి (నువ్వు పేరు నమోదు చేసుకున్న ఇక్కడి డాక్టర్‌కు) ఫోన్ చేసి "ఫుట్ డ్రాప్" అనే మాట వాడు.

మూత్రం ఆగినా, వచ్చేది తెల్వకపోయినా, సైకిల్ సీటు తగిలే జాగ మొద్దుబారినా, రెండు కాళ్లకు నొప్పి పాకినా సీదా ఏ అండ్ ఈకి (ఆసుపత్రి ఎమర్జెన్సీకి) పో. అది కాడా ఈక్వైనా, అంటే వెన్ను కింది నరాల గుత్తి ఒత్తుకపోవుడు, అండ్ల ఆలస్యమైతే పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు. సిగ్గుపడి నడుం నొప్పి అని మాత్రమే చెప్పకు, మూత్రం సంగతే ముందు చెప్పు.

ఇవేవీ లేకపోతే ఎక్సర్‌సైజ్. బోర్లా పండుకొని మోచేతుల మీద రెండు నిమిషాలుండు. తర్వాత నడుం కింద ఆనిచ్చి చేతులతోని ఛాతీ లేపు, 10 సార్లు, రెండు మూడు గంటలకోసారి. ఇక్కడ చూడాల్సింది నొప్పి ఎంత అని కాదు, ఎటు పోతున్నదని. పిక్కకెల్లి తొడకు, తొడకెల్లి పిరుదుకు ఎక్కొస్తుంటే, నడుంల కొంచెం పెరిగినా సరే, అది మంచి గుర్తు. కిందికి దిగుతుంటే ఆ కదలిక నీకు పడదు, ఆపెయ్యి.

శానమంది చేసే తప్పు ఒకటున్నది. తొడ వెనకాల పట్టేసినట్టుంటదని వంగి కాలివేళ్లు అందుకుంట సాగదీస్తరు. పట్టేసింది కండరం కాదు, వాచిన నరం. దాన్ని గుంజితే రాత్రికి మంట రెట్టింపైతది. మంచం మీద బాసింపట్లు వేసుకొని లాప్‌టాప్ ముందట వంగి కూసునుడు కూడా అదే పని చేస్తది. 20, 30 నిమిషాలకోసారి లేచి తిరుగు. పక్కకు తిరిగి, మోకాళ్ల నడుమ మెత్త పెట్టుకొని పండుకో. రోజంతా మంచానికి అతుక్కోకు, 10 నిమిషాల నడక నాలుగైదు సార్లు చెయ్యి. నడుం బెల్టు, ట్రాక్షన్ (బరువులు కట్టి నడుం గుంజుడు) మన దగ్గర మస్తు రాస్తరు గని, ఇక్కడి నైస్ (ఏ వైద్యం చేయాల్నో చెప్పే సర్కారు సంస్థ) మార్గదర్శకాలు రెండూ వద్దన్నయ్.

జవాబు (ఫార్మసిస్ట్, జగిత్యాల / లీడ్స్)

తమ్ముడూ, ఆ గోలీల షీట్ వెనక చిన్న అక్షరాలు చదువు. ఎసిక్లోఫెనాక్ 100 అని పెద్దగ ఉన్నా, శాన బ్రాండ్లల్ల పారాసిటమాల్ 325 కూడా కలిసి ఉంటది. దాని మీద ఇక్కడి కో-కోడమాల్ (పారాసిటమాల్, కోడీన్ కలిసిన గోలీ) వేసుకుంటే పారాసిటమాల్ రెండు దిక్కులకెల్లి లోపలికి పోతది. రోజు మొత్తం 4 గ్రాములు దాటొద్దు. ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ ఒకే జాతి మందులు, రెండూ కలపొద్దు. సొంతంగ కొనుక్కుంటే ఐబుప్రోఫెన్ 200 మి.గ్రా. గోలీలు ఒకటి రెండు, తిన్నంక, రోజుకు మూడుసార్లు, 1200 మి.గ్రా. లోపల. అల్సర్, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉంటే ముందు అడుగు.

ప్రెగాబాలిన్ సంగతి వేరే. 2019 ఏప్రిల్ నుంచి ఇక్కడ అది క్లాస్ సి నియంత్రిత మందు. నీ పేరున్న చీటీ దగ్గర పెట్టుకో, దోస్తులకు ఇయ్యకు. సయాటికాకు దాన్ని మొదలుపెట్టొద్దని నైస్ 2020లనే చెప్పింది. పనిచేసే ఆధారం లేదు, మగత మాత్రం ఉంటది. కొన్ని వారాలుగ వేసుకుంటుంటే టక్కున ఆపకు, జీపీతోని మాట్లాడి తగ్గించుకో.

జవాబు (స్పైన్ వార్డు నర్సు, వరంగల్ / మాంచెస్టర్)

ఎక్స్‌ట్రూజన్ అనే మాటకు ఇంట్లోళ్లు భయపడ్డరేమో. ఉబ్బిన డిస్క్ కంటే బయటికి వచ్చిన ముక్కే ఎక్కువగ కరుగుతది, ఒంట్లె రక్షణ కణాలు దాన్ని తినేస్తయ్. అందుకే బలం మంచిగున్నోళ్లకు ఆరు నుంచి పన్నెండు వారాలు ఆగమంటరు.

2007ల నెదర్లాండ్స్‌ల 283 మందితోని ట్రయల్ చేసిన్రు. తొందరగ ఆపరేషన్ చేయించుకున్నోళ్లకు కాలు నొప్పి బేగి తగ్గింది. ఏడాది తర్వాత చూస్తే ఆపరేషన్ తొందరగ చేయించుకున్నోళ్లు, ఆగినోళ్లు ఇద్దరూ ఒక్కటే. కాకపోతే ఆగినోళ్లల్ల 39 శాతం మందికి ఆఖరికి ఆపరేషన్ పడ్డది, అది కూడా మనసుల పెట్టుకో. మరోదిక్కు 2020ల కెనడా ట్రయల్ల, నొప్పి నాలుగు నుంచి పన్నెండు నెలలు సాగినోళ్లకు ఆపరేషనే ఎక్కువ మేలు చేసింది. అంటే అయిదో వారంల ఉరుకొద్దు, ఎనిమిదో నెల దాకా ఓర్సుకొని కూసోవద్దు.

ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఇంజక్షన్ (వెన్నుల నరాల చుట్టూ వాపు తగ్గించే మందు ఎక్కించుడు) నడిమి మెట్టు. తీవ్రమైన నొప్పిని కొన్ని వారాలు తగ్గిస్తది, ఆ టైంల ఎక్సర్‌సైజ్ చేసుకోవచ్చు. డిస్క్‌ను అది మార్చదు. షుగర్ ఉంటే కొన్ని రోజులు పెరుగుతది, రక్తం పల్చబరిచే మందులుంటే ముందే చెప్పాలె. ఆపరేషన్ అయితే మైక్రోడిసెక్టమీ, అంటే చిన్న కోతతోని నరాన్ని ఒత్తే డిస్క్ ముక్క తీసేసుడు. అది తగ్గించేది కాలు నొప్పిని, వట్టి నడుం నొప్పికి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. డిస్క్ మళ్లీ జారే అవకాశం కూడా ఉన్నది.

తిరిగి పోవుడు గురించి అయితే, పది గంటల సీటే నీ నరానికి శత్రువు. వీసాతోని హెల్త్ సర్‌చార్జ్ కట్టినవ్ కదా, ఇక్కడి జీపీ, ఫిజియో, ఆపరేషన్ అండ్లకే వస్తయ్. ఎంఆర్ఐ ఫిల్మ్ కాకుండ సీడీ తెప్పించుకో, ఇక్కడి డాక్టర్లు బొమ్మలే చూస్తరు.

జవాబు (మొదటి ఫిజియోనే, మళ్లీ)

ఒక్క మాట మర్చిపోయిన. శాన ఏరియాలల్ల జీపీ లేకుంటనే ఎన్ హెచ్ ఎస్ (ఇక్కడి సర్కారు వైద్య సేవ) ఫిజియోకు సొంతంగ ఫారం నింపొచ్చు, నీ జీపీ వెబ్‌సైట్ల చూడు. వెయిటింగ్ ఉంటది, ఇయాల్నే నింపు. వేర్‌హౌస్ పని చేస్తుంటే 7 రోజుల దాకా నువ్వే సెల్ఫ్ సర్టిఫై చేసుకోవచ్చు, అంటే డాక్టర్ చీటీ లేకుండ నీకు బాగలేదని నువ్వే రాసియ్యొచ్చు. ఆ తర్వాత ఫిట్ నోట్ (పని చేయొచ్చా లేదా అని రాసిచ్చే కాయితం) కావాలె, 2022 జూలై నుంచి ఫిజియోలు కూడా ఇస్తున్నరు. "పనికి పనికిరాడు" అని కాకుండ, బరువులు లేని పని, మధ్యమధ్యల నిలబడే వీలు అని రాయించుకో.