1516 నాటి ప్రేమకథలో ఎంత కల్పించొచ్చు?

మాది పర్లాకిమిడి. మొదటి నవల రాస్తున్నా. కృష్ణదేవరాయలు సింహాచలం వచ్చిన 1516 నాటి కథ, విజయనగర సైనికుడికీ ఇటు గజపతుల రాజ్యంలో పూలమ్మే ఒడియా పిల్లకీ ప్రేమ, మధ్యలో మహేంద్రగిరి మీద ఒక గంధర్వుడు. చరిత్ర తప్పితే తిడతారని టెన్షన్.

బరంపురం నుంచి:
గంధర్వుణ్ణి ఎవరూ అడగరండీ, దొరికిపోయేది వంటింట్లోనే. మిరపకాయ, టమాటా అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చినవి. మీవాళ్ళ కూరలో కారానికి మిరియాలే వెయ్యండి.

రాయగడ నుంచి:
అసలు వాళ్ళిద్దరూ ఏ భాషలో పోట్లాడుకుంటారు? మన ఇళ్ళలోలాగే సగం అటూ సగం ఇటూ పెట్టండి, ప్రేమ అక్కడే పుడుతుంది. యుద్ధం రెండు పేజీలు చాలు.

పర్లాకిమిడి:
అయ్యో, మూడో అధ్యాయంలో ఎర్రగా ఆవకాయ కలిపించేశానండీ!